వెయ్యనా అని అడగని ఆదివారం

ఇది రాయడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో ముందే చెప్పేస్తాను. యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. సబ్బవరం అవతల మా ఊళ్ళో బడి ఉండేది. నా ఈడు ఆడపిల్లలు కొందరు వెళ్ళేవారు కూడా. నేను ఇంట్లో పెద్దదాన్ని. నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవారు. పసిపిల్లని ఎత్తుకుని బడికి రావద్దని పంతులుగారు ఒకసారి అన్నారు. అమ్మ మళ్ళీ పంపలేదు. పంతులుగారి మీదా అమ్మ మీదా నాకు కోపం లేదు. పిల్ల ఏడుస్తుంటే పాఠం సాగదు, పిల్లని నేను ఎత్తుకోకపోతే అమ్మకి కూలిపని సాగదు.

అక్షరాలు వచ్చాక కూడా రెండేళ్ళు ఆగాను. దానికి కారణం వేరు. నేను రాయాలనుకున్నదాంట్లో సగం నాది కాదు, ఒక అమ్మాయిది. ఆమె సరేనంటే తప్ప రాయకూడదు. ఆమె పోయిన ఆదివారం సరేనంది.

గాజువాకలో ఒక ఆడపిల్లల హాస్టల్లో నేను వంట చేస్తాను. ఆటోనగర్ వైపు వెళ్ళే సందులో మూడంతస్తుల మేడ. పిల్లల్లో ఎక్కువమంది అచ్యుతాపురం కంపెనీల్లో పనిచేస్తారు. పొద్దున్న ఆరుంపావుకల్లా కంపెనీ బస్సు సందు మొగలో హారన్ కొడుతుంది. అప్పటికి టిఫిన్ తినిపించి, మధ్యాహ్నానికి డబ్బాలు కట్టి ఇవ్వాలి.

ముప్ఫై మందికి పైగా ఉంటారు. ఎవరికేం కావాలో నేను పుస్తకంలో రాసుకోలేదు, రాసుకోవడం రాదు కదా. కంచాలు చూసి నేర్చుకున్నాను. కడగడానికి వచ్చిన కంచం చూస్తే మనిషి తెలిసిపోతుంది. ఒకామె వంకాయ ముక్క అంచుకి తోస్తుంది. ఒకామె చారన్నం ముందు తిని కూరన్నం చివర తింటుంది. ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రోజు ఒకామె పెరుగన్నం దాకా రాదు.

ఇంకో అలవాటు కూడా ఉంది నాకు. గరిట పట్టుకుని కంచం దగ్గరికి వెళ్ళి "వెయ్యనా?" అని అడుగుతాను. వద్దంటే వెయ్యను. చేరిన కొత్తలో బలవంతంగా వడ్డించేదాన్ని, అదే ప్రేమ అనుకుని. ఒక పిల్ల తినలేక వదిలేస్తే అన్నం పారేస్తావా అని వార్డెన్ అమ్మ అందరి ముందూ కేకలేసింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పు నాది, మాట పడింది తను. ఆ రోజు నుంచి అడగకుండా ఎవరి కంచంలోనూ ఏదీ వెయ్యలేదు. కనీసం వంటింటి దగ్గర.

ఆదివారం కోడికూర భోజనం అయ్యాక చాలామంది పడుకుంటారు. నలుగురు మాత్రం భోజనాల బల్ల వదిలేవారు కాదు. కాగితాలు, పెన్సిళ్ళు, బోలెడు ముఖాలున్న రంగురంగుల పాచికలు ముందేసుకుని కూర్చునేవారు. నేను పక్కనే నేల మీద కూర్చుని వారానికి సరిపడా చింతపండులో పిక్కలు తీసుకునేదాన్ని. మొదట్లో ఏదో పరీక్షకి చదువుతున్నారనుకున్నాను. చెవి పెడితే, అది కథ.

గోదావరి జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి కథ చెప్పేది. మందుల కంపెనీ లేబులో ఉద్యోగం తనకి. అయితే మా అమ్మమ్మ చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పేసేది కాదు. ఒక వాగు దాకా తీసుకొచ్చి ఆపేసేది. "వంతెన తెగిపోయిందండి. వెనక తోడేళ్ళు వస్తున్నాయి. ఇప్పుడేం చేస్తారు?" అనేది. మిగతా ముగ్గురూ కథలో తలా ఒక మనిషి. వాళ్ళు ఏం చేస్తామంటే దానికి పాచిక వేసేవారు, పడ్డదాన్ని బట్టి కథ అటో ఇటో తిరిగేది.

ఆ ముగ్గురి గురించీ చెప్పాలి. ఒకామె విజయనగరం వైపు పిల్ల, బట్టల కంపెనీలో కుట్టుపని. నోరు గడుసు, బస్సులో కిటికీ సీటు కోసం రోజూ ఎవరో ఒకరితో వాదన ఉండాల్సిందే. ఒకామె మేడ మీద పాత రంగు డబ్బాల్లో మిరప, టమాటా పెంచేది. మూడో ఆమె శ్రీకాకుళం దగ్గర పల్లె పిల్ల, పేకింగ్ సెక్షన్లో పని, మాట చాలా తక్కువ. నాతో కూడా రోజుకి నాలుగు మాటలు మించి ఆడేది కాదు. నేను చెప్పే కథ ఆ మూడో పిల్లదే.

ఒక ఆదివారం పాచిక ఒకటి దొర్లి, చేతులు కడిగే తొట్టిలో పడి, నీళ్ళు పోయే గొట్టంలోకి జారిపోయింది.

"ఓలమ్మో, అయిపోనాది! ఇప్పుడు తోడేళ్ళనేటి సేత్తాం?" అని గడుసుపిల్ల నెత్తి కొట్టుకుంది.

నా ఒళ్ళో చింతపిక్కలు ఉన్నాయి. "ఆరు పిక్కలు ఒక పక్క అరగదీత్తే సరిపోద్ది కదే. తెల్లగా ఎన్ని పడితే అంత" అన్నాను. చిన్నప్పుడు మేము ఆటకి అలాగే చేసేవాళ్ళం.

ఆ పిక్కలు ఇంటికి పట్టుకెళ్తే మా ఆయన అడిగాడు, "ఏటే, అష్టాచెమ్మాకా?"

"కాదు, కథకి."

"కథకి పిక్కలేటే? కథ సెప్తారా, పేకాడతారా?"

వెక్కిరించినా చేసిపెట్టాడు. ఆయన ఆటోనగర్లో లేత్ మిషన్ మీద ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. చూపు మందగించాక ఇంటి పట్టునే ఉంటున్నాడు. గుమ్మం దగ్గర రాయి మీద ఒక్కొక్క పిక్కనీ రుద్దుతూ, బొటనవేలితో తడుముకుంటూ, రెండు రోజులు కూర్చున్నాడు. ఆరూ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. చాలాకాలం తర్వాత ఆయన చేతికి కొలత ఉన్న పని దొరికింది. తర్వాతి ఆదివారం నేను ఇంటికి రాగానే మొదటి ప్రశ్న, "తోడేళ్ళేటయ్యాయి?"

పిక్కలు తెచ్చినందుకు నన్నూ బల్ల దగ్గర కూర్చోమన్నారు.

"నాకేటొచ్చమ్మా. నాకు సదవడం రాదు" అన్నాను.

"చదవక్కర్లేదండి పిన్నిగారూ. నేను అడుగుతాను, మీరు చెప్తారు. అంతేనండి" అంది గోదావరి పిల్ల. "ముందు చెప్పండి, కథలో మీరెవరు?"

"నానెవర్ని? వంట మనిషిని."

గడుసుపిల్ల బల్ల చరిచింది. "ఈడా వంటే, ఆడా వంటేనా! ఆదివారం పూటైనా గరిట ఒగ్గేయ్ పిన్నీ. రాణివైపో."

"నాను రాణినైతే నీకు వంటెవరు సేత్తారే?"

అందరూ నవ్వారు. గోదావరి పిల్ల మాత్రం పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తోంది. నిజంగానే అడుగుతోందని అప్పుడు అర్థమైంది. హార్బర్ రోడ్డు మీద బస్సులో వెళ్ళినప్పుడల్లా నేను ఓడలు చూస్తాను. ఓడరేవు ఊళ్ళో ఇన్నేళ్ళు బతికి ఒక్క పడవ కూడా ఎక్కలేదు. "పడవ నడిపేదాన్ని" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె కాగితం మీద రాసుకుంది.

"సరేనండి. నది మధ్యలో ఉన్నారు. గాలి మారింది. ఎదురుగా రాతి మీద ఇద్దరు మనుషులు చిక్కుకుపోయి చేతులు ఊపుతున్నారు. మీ పడవలో ఒక్కరికే చోటుంది. ఇప్పుడేం చేస్తారు?"

చేతిలో ఉన్న పిక్కలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. భయమేమీ వెయ్యలేదు. ఆ ప్రశ్న కొత్తది, అంతే. అదివరకు అందరూ నాకు ఏం చెయ్యాలో చెప్పినవాళ్ళే. నాన్న చెప్పాడు, అత్త చెప్పింది, మా ఆయన చెప్పాడు, వార్డెన్ అమ్మ చెప్తుంది. నువ్వేం చేస్తావని అడిగి, నా జవాబు కోసం నలుగురు పనులు మానుకుని నా ముఖంలోకి చూడడం నాకు తెలియదు.

"నాను పడవ దిగిపోతాను" అన్నాను చివరికి. "ఆలిద్దర్నీ ఎక్కించి, అంచట్టుకుని పక్కనీదుకుంటా ఎల్తాను."

"పిన్నీ, నీకు ఈతొచ్చేటి?" అంది గడుసుపిల్ల.

"కథలో వత్తాది."

ఆరు పిక్కల్లో ఐదు తెల్లగా పడ్డాయి. ఒడ్డు చేరాను. ఆ రోజు ఇంటికెళ్ళే దారిలో నా కాళ్ళు నేల మీద ఉన్నట్టు లేదు.

కథలో ప్రతివాళ్ళకీ ఒక కాగితం ఉంటుంది. పేరు, చేతిలో ఉన్న వస్తువులు, భయపడేవి, ఇష్టమైనవి, వేటికి వాటికి గళ్ళు గీసి ఉంటాయి. నా కాగితం మీద నేను పడవ బొమ్మ గీశాను. మిగతావాళ్ళ కాగితాల మీద ఏముందో తెలుసుకోవాలనిపించింది. అలా మొదలైంది నా చదువు. భోజనాలయ్యాక ఆట మొదలయ్యేలోపు గోదావరి పిల్ల వారానికి మూడు అక్షరాలు నేర్పేది. వారం పొడుగునా నేను వాటిని పప్పు పేకెట్ల మీద, బస్సు బోర్డుల మీద వెతుక్కునేదాన్ని. ఆరు నెలలకి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఏడాదికి రాయడం వచ్చింది. ఆ పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కన్నకూతురుకి నేర్పినా నేను అంత ఓపిక పట్టి ఉండనేమో.

ఆమెకి హైదరాబాదులో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఆదివారం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు గాని ఎవరికీ ఆట మీద మనసు లేదు.

"ఇంక కథెవరు సెప్తారు?" అంది మొక్కల పిల్ల.

"పిన్ని సెప్తాది" అంది ఎవరో. ఆ మాటన్నది మాటలాడని శ్రీకాకుళం పిల్ల అని గ్రహించేసరికి నాకు ఒక్క క్షణం పట్టింది. రోజుకి నాలుగు మాటల మనిషి, ఒక మాట నాకోసం ఖర్చుపెట్టింది.

అలా నేను కథ చెప్పేదాన్నయ్యాను. మొదటి రెండు వారాలూ ఘోరంగా చెప్పాను. నాకు తెలిసిన కథలు రాజులవీ రాక్షసులవీ. రాజుగారికి ఏడుగురు కొడుకులు అని మొదలుపెట్టేసరికి గడుసుపిల్ల ఫోన్ తీసేది. నేను ఆగకుండా చెప్పుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడేం చేస్తారని అడగడమే మరిచిపోయేదాన్ని. నేను చెప్పే వంతు రాగానే, ఇన్నాళ్ళూ నాకు అందరూ చెప్పినట్టే నేనూ చెప్పేశాను.

హైదరాబాదుకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆమె నవ్వి, "మీ వంటలాగే చెయ్యండి పిన్నిగారూ. మీకు నచ్చింది వండరు కదా, వాళ్ళు తినేది వండుతారు. ఎవరికేం కావాలో మీకంటే ఎవరికి తెలుసండి?" అంది.

ఆ మాట పట్టుకున్నాను. కంచాలు గుర్తుచేసుకున్నట్టు ఒక్కొక్కరినీ గుర్తుచేసుకున్నాను. గడుసుపిల్లకి వాదన కావాలి. ఒక కోట ద్వారం దగ్గర కాపలా ముసలాడిని పెట్టాను. ఎవరినైనా లోపలికి పంపడానికి వాడికి నూట పదహారు రూల్సు. గంటసేపు వాడితో వాదించింది. వాడి మాటలు నేనే ఆడాలి. నా గొంతు పోయింది. చివరికి వాడి రూలు ప్రకారం వాడే కోటలో ఉండడానికి వీల్లేదని తేల్చి, వాణ్ణి బయటికి పంపి తాను లోపలికి వెళ్ళింది. మేడ మీద పడుకున్నవాళ్ళు మా నవ్వులకి లేచి వచ్చారు. మొక్కల పిల్లకి ఎండిపోయిన తోట ఇచ్చాను. ఒక విత్తనం కోసం ఆమె మూడు ఆదివారాలు కొండలు తిరిగింది. కథ వరస ముందే తయారుచేసుకోవడం మానేశాను. వాళ్ళకి ఇష్టమైనవి నాలుగు బల్ల మీద పెడితే కథ వాటి మధ్య అదే దారి చేసుకునేది.

శ్రీకాకుళం పిల్ల సంగతే తేలలేదు. ఆమె కాగితంలో ఇష్టమైనవి అనే గడి ఖాళీ. భయపడేవి అనే గడీ ఖాళీ. అందరితో పాటు నడిచేది, పిక్కలు వేసేది, ఇంకేమీ అడిగేది కాదు. తన మాట మీదే కథ చెప్పేదాన్నయ్యాను, తనకే ఏమీ ఇవ్వలేకపోతున్నానని నాకు లోపల తొలిచేది.

రోజూ సాయంత్రం ఆమె వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేసేది. అక్కడ సిగ్నల్ బాగుంటుంది. నేను కూరలు తరుగుతూ ఉంటాను, వినపడకుండా ఎలా ఉంటుంది. తల్లి లేని పిల్ల, అమ్మమ్మ పెంచింది. ఆ అమ్మమ్మకి ఈమధ్య మతిమరుపు వచ్చింది. "నానేనే అమ్మమ్మా. నానే. నీ మనవరాల్ని" అని పదిసార్లు చెప్పేది. ఒకరోజు "సరే, రేపు సేత్తాను" అని పెట్టేసి, చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ పూట కంచంలో పెరుగన్నం అలాగే ఉంది.

దొరికింది అనుకున్నాను. ఈ పిల్లకి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దీని చుట్టూ కథ కట్టాలి. వారమంతా ఆలోచించాను, పోపు వేస్తూ, బియ్యం కడుగుతూ. ఇంత బాగా ఏ కథకీ సిద్ధం కాలేదు.

ఆ ఆదివారం పడవ ఒక దీవికి చేరింది. అక్కడ ఒక గుడిసె. గుడిసె ముందు ఒక ముసలమ్మ. శ్రీకాకుళం పిల్ల వైపు తిరిగి చెప్పాను. "ఆ ముసలమ్మ నిన్ను సూసి, ఎవరమ్మా నువ్వు అంటాది. ఆవిడ నీ అమ్మమ్మే. నిన్ను మరిసిపోనాది. నాలుగు పిక్కలు తెల్లగా పడితే గేపకం వత్తాది. ఇప్పుడేటి సేత్తావు?"

ఆమె సంతోషపడుతుందనుకున్నాను. ఇంట్లో రానిది ఇక్కడైనా వస్తుంది కదా అని.

ఆమె పిక్కలు ముట్టుకోలేదు. "నీకెవరు సెప్పారు?" అంది.

నా చూపు వంటింటి వెనక తలుపు వైపు వెళ్ళింది. మిగతా ఇద్దరూ నా వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశారు. వాళ్ళకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తెలిసింది, నా నోటితో.

"అది ఆటకి కాదు పిన్నీ" అని లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆమె అందరూ తిన్నాక వచ్చి తినేది. తిన్న కంచం తనే కడిగి గోడకి ఆనించి వెళ్ళేది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక కంచం నాకేమీ చెప్పలేదు. వారం తిరక్కుండానే వార్డెన్ అమ్మ వచ్చి, ఆ పిల్ల నెలాఖరుకి హాస్టల్ ఖాళీ చేస్తానందని, అచ్యుతాపురంలో గది చూసుకుంటోందని చెప్పింది. ఎందుకో తెలుసా అని అడిగింది. తెలుసు. చెప్పలేదు.

తోడబుట్టినవాళ్ళు లేని పిల్ల. ఆదివారం ఆ బల్ల దగ్గర తప్ప ఎక్కడా ఎవరితోనూ కూర్చోదు. ఆ బల్ల దగ్గరికి రానివ్వకుండా చేసింది నేను. ఇప్పుడు ఊరే మారిపోతోంది.

ఇంటి దగ్గర కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏటయ్యింది?" అన్నాడు. మొత్తం చెప్పాను. ఆయన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "వెయ్యనా అని అడిగేవా?" అన్నాడు.

"ఏటి?"

"హాస్టల్లో అడిగి వడ్డిత్తాను, ఎవరికీ అడక్కుండా వెయ్యనని తెగ సెప్తావు కదా. ఆ పిల్లకి ముసలమ్మని వేసేముందు అడిగేవా?"

అడగలేదు. గరిట పట్టుకుంటే అడిగేదాన్ని, కథ పట్టుకుంటే మరిచిపోయాను. ఎంగిలి చేతిని కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాను.

ఎదురుగా వెళ్ళి చెప్పే ధైర్యం లేదు. ఆమె నన్ను చూస్తే తల తిప్పుకుంటోంది. అందుకని ఉత్తరం రాశాను. నా జన్మలో మొదటి ఉత్తరం. మధ్యాహ్నం వంటిల్లు ఖాళీగా ఉన్నప్పుడు మూడు రోజులు కూర్చుని రాశాను. ఎన్ని కాగితాలు పొయ్యిలోకి పోయాయో. చివరికి మిగిలింది ఇది:

"అమ్మా, నీ మాటలు తలుపు వెనక నుంచి నా చెవిన పడ్డాయి. వినపడడం నా చేతిలో లేదు. దాన్ని తెచ్చి అందరి ముందూ పెట్టడం నా చేతిలోనే ఉంది. నిన్ను అడక్కుండా పెట్టాను. నీకు మంచి చెయ్యాలని పెట్టాను, అయినా తప్పే. నీకేం ఇష్టమో నాకు తెలుసనుకున్నాను. తెలియదు. నువ్వు ఆటకి రాకపోయినా సరే, నా మూలంగా హాస్టల్ మాత్రం వదలొద్దు. పిన్ని."

పొద్దున్న డబ్బాలు కట్టేటప్పుడు దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, ఆమె డబ్బా మూతకీ సంచికీ మధ్య పెట్టాను. బస్సు వెళ్ళిపోయింది. ఆ రోజు పప్పు రెండుసార్లు మాడింది.

సాయంత్రం ఖాళీ డబ్బాలన్నీ తొట్టి దగ్గరికి వచ్చాయి. ఆమె డబ్బా మూత తీస్తే లోపల మడిచిన కాగితం. ఉత్తరం కాదు. కథలో ఆమె కాగితం. ఇష్టమైనవి అనే గడి నిండి ఉంది. చేతులు తుడుచుకుని, వెలుతురులోకి వెళ్ళి, వేలు పెట్టుకుని చదివాను.

"తెలియని దారులు. కొండ ఎక్కడం. నన్ను ఎవరూ ఎరగని ఊరు. వానలో తడవడం. ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేని ఒక రోజు."

దాని కింద గీత గీసి, "అమ్మమ్మ సంగతి వద్దు. నేను అడిగితే తప్ప."

అది చదివి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఆ పిల్ల ఆదివారం ఆ బల్ల దగ్గరికి వచ్చేది వారంలో మిగిలిన ఆరు రోజుల బరువు కాసేపు దించుకోవడానికి. నేను ఆ బరువే ఎదురు పెట్టి, పిక్కలు వెయ్యమన్నాను. మనిషిని ఏడిపించేదీ మనిషికి ఇష్టమైనదీ ఒకటే అనుకున్నాను. ఇన్ని కంచాలు చూసినదాన్ని ఆ తేడా చూడలేకపోయాను. అది నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె కోపం దిగమింగుకుని పెన్సిల్ పట్టుకుంది. ఇంతకంటే పెద్ద మన్నింపు నాకు ఎవరి దగ్గరా దొరకలేదు.

ఆదివారం భోజనాలయ్యాక ఆమె వచ్చి తన చోట్లో కూర్చుంది. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. గది మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పటి నుంచి మా కాగితాల మీద రెండు కొత్త గళ్ళు గీశాం. ఒకటి "వెయ్యి", ఒకటి "వద్దు". కొత్త కథ మొదలయ్యేముందు అందరూ నింపాలి, నాతో సహా. గడుసుపిల్ల వెయ్యిలో గొడవలు అని, వద్దులో బొద్దింకలు అని రాసింది. మొక్కల పిల్ల చెట్లు కొట్టెయ్యడం వద్దంది. నేను వద్దు గడిలో రాజులు అని రాస్తే పగలబడి నవ్వారు. శ్రీకాకుళం పిల్లకి దారులు ఇచ్చాను. ఆమె ఎక్కిన కొండలకి లెక్క లేదు. ఎవరూ ఎరగని ఊళ్ళలో దిగి, వాన కురుస్తుంటే గొడుగు లేకుండా నడిచింది. నడుస్తూ నడుస్తూ మాటలు నేర్చింది. ఇప్పుడు గడుసుపిల్లకే ఎదురు చెప్తుంది.

"నీ నోరు ఇన్నాలూ ఏ పెట్టిలో దాసేవే?" అంటుంది గడుసుపిల్ల.

"నువ్వు కాలీ ఇత్తే కదా తియ్యడానికి" అంటుంది ఈమె.

రెండేళ్ళు ఇలా గడిచాయి. పోయిన ఆదివారం పడవ తెరచాప కట్టుకుంటున్నాం కథలో. ఎటు పోదామని అడిగాను. శ్రీకాకుళం పిల్ల పిక్కలు చేతిలో గలగలలాడించి ఆపింది.

"పిన్నీ, ఆ దీవిలో ముసలమ్మ ఇంకా ఉన్నాదా?"

"ఉన్నాది" అన్నాను. "వెయ్యనా?"

"వెయ్యి."

నెమ్మదిగా చెప్పాను. దీవి. గుడిసె. గుడిసె ముందు ముసలమ్మ, పాత చీర కొంగుతో ఈగలు తోలుకుంటోంది. "నిన్ను సూసి, ఎవరమ్మా నువ్వు అంటాది. ఇప్పుడేటి సేత్తావు?"

ఆమె పిక్కలన్నీ బల్ల మీద పెట్టేసి నా వైపు తోసింది. "ఇయ్యి అక్కర్లేదు. గేపకం చెయ్యను. పొరుగూరి పిల్లని, దాహమేసి వచ్చేనంటాను. మంచినీళ్ళిత్తాది కదా, తాగుతాను. పక్కన కూకుంటాను. ఈగలు నాను తోల్తాను."

"తరవాత?"

"తరవాత ఏటీ లేదు. పొద్దుగూకే దాకా కూకుంటాను."

గడుసుపిల్ల ఫోన్ పక్కన పెట్టేసింది. బయట సందులో ఐసు బండి గంట మోగుతూ పోయింది. అప్పుడు శ్రీకాకుళం పిల్లే అంది, పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మతో నిజంగా అలాగే చేశానని. నువ్వెవరని అడిగితే పొరుగూరి పిల్లనన్నానని. అమ్మమ్మ మంచినీళ్ళిచ్చి, ఎండలో ఎంత దూరం నడిచావమ్మా అని అరికాళ్ళు చూసిందని. ఆ సాయంత్రం ఇద్దరూ ఎంతో బాగా కబుర్లు చెప్పుకున్నామని. ఇక్కడ వేరే మనిషి అయ్యి నడవడం అలవాటై, అక్కడ కూడా కాగలిగానంది.

బల్ల సర్దుతున్నప్పుడు ఒంటరిగా దొరికితే అడిగాను. ఇదంతా రాసుకోవాలని ఉందని, తన సంగతి అందులో ఉంటుందని, ఒప్పుకుంటేనే రాస్తానని.

"రాయి పిన్నీ" అంది. "పేరు మాత్రం వద్దు."

"ఎవరి పేరూ రాయను."

మర్నాడు పొద్దున్న పెసరట్లు వేశాను. బస్సుకి ఇంకా పావుగంట ఉంది. శ్రీకాకుళం పిల్ల రెండు అట్లు తిని కూర్చుంది. మూడోది పెనం మీద ఉంది. అట్లకాడ పట్టుకుని దగ్గరికి వెళ్ళి, "వెయ్యనా?" అన్నాను.

కంచం వైపు చూసింది, గడియారం వైపు చూసింది. "సగం" అంది.

సగం కోసి ఆమెకి వేశాను. రెండో సగం గడుసుపిల్ల అడక్కుండానే లాక్కుంది. బస్సు వెళ్ళాక బల్ల తుడిచి, ఆరనిచ్చి, నోటుపుస్తకం తీసి దీని మొదటి వాక్యం రాసుకున్నాను.